స్పానరక్క ఒట్టు

స్పానరక్క చేతి దెబ్బ తిన్నవాళ్లు ఆ వీధిలో కనీసం ఆరుగురున్నారు. ఆ ఆరుగురూ ఇప్పటికీ బళ్లు ఆమె దగ్గరికే తెస్తారు. దవడ వాయగొట్టిన మనిషి దగ్గరికే మళ్లీ ఎందుకు పోతావయ్యా అని అడిగితే, "కొడితే కొట్టింది గానీ, ఆవిడ ముట్టుకున్న ఇంజిన్ మళ్లీ నోరెత్తదు" అంటారు. నోరెత్తనిది ఇంజిన్ ఒక్కటే కాదు, వాళ్లు కూడా.

ఆమె తండ్రికి రెండే పనులు వచ్చు: బండి బాగుచేయడం, పిల్లల్ని బాదడం. మొదటిది శ్రద్ధగా చేసేవాడు, రెండోది అంతకంటే శ్రద్ధగా. ఆమె ప్లగ్గు అడ్డంగా బిగించి మర పాడుచేసిన రోజున పాత చైన్ ముక్క తీసుకుని ఆమె వీపు మీద ఆడించాడు. ఆ లింకుల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చెల్లెలు ఐదేళ్లు చిన్నది. తండ్రి చెయ్యి లేచిందంటే అరిగిన టైర్ల గుట్ట వెనక్కి దూరేది. దాని వంతు దెబ్బలు కూడా అక్కే తినేది. పదిహేడో ఏట ఒకరోజు, చైన్ గాలిలో ఉండగానే అక్క దాన్ని ఒడిసి పట్టుకుని, తండ్రి మణికట్టు పటుక్కుమనేదాకా మెలిపెట్టింది. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్లూ షెడ్డులో చెయ్యెత్తాడంటే అర మీది డబ్బా అందుకోవడానికే.

తండ్రి పోయాక షెడ్డు ఆమెదైంది. ఊరి చివర తవ్వి వదిలేసిన ఇసుక గోతులున్నాయి. అక్కడ నాలుగు చక్రాల పందెం బళ్లు నడిపేవాళ్లు చేరారు. మోటారు సైకిలు మీద కూర్చున్నట్టే చెరో పక్క కాలు వేసి కూర్చోవాలి, చక్రాలు మాత్రం నాలుగు. గుట్ట ఎక్కించి గాల్లోకి లేపితే ఆ బండి నేలకి దిగేటప్పుడు మనిషి దాని మీద ఉంటాడో, కింద ఉంటాడో ఎవరూ చెప్పలేరు. అలాంటి బళ్లకి స్పానరక్క దేవత. సిలిండర్ లోపలి దారుల్ని చిన్న ఆకురాయితో రాసి రాసి నున్నగా చేసేది. పొగగొట్టం పొట్టను కోసి, వెడల్పు చేసి, మళ్లీ అతికించేది. బండి బోల్తా పడకుండా వెనక ఇరుసును జానెడు సాగదీసేది.

ఆ బళ్ల గురించి రెండు సంగతులు తెలియకపోతే ఈ కథ తెలియదు. ఒకటి, వాటి యాక్సిలరేటరు మోటారు సైకిలుకి ఉన్నట్టు పిడి తిప్పితే పనిచేసేది కాదు. కుడి పిడి కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కాలి. ఎంత వేగం కావాలన్నా ఆ ఒక్క వేలే దిక్కు. రెండోది, టూ స్ట్రోక్ ఇంజినుకి వేరే నూనె ఉండదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. అది లోపల తడి ఇస్తూ కాలిపోతుంది, నీలం పొగై బయటికొస్తుంది. నూనె లేని పెట్రోలు పోశారో, నాలుగు నిమిషాల్లో పిస్టన్ కాగి, ఉబ్బి, సిలిండర్‌ని పట్టేస్తుంది. ఆ వేగంలో వెనక చక్రాలు ఆగిపోతే మీదున్నవాడి సంగతి ఇక ఆ పైవాడికే తెలియాలి. అందుకే షెడ్డులో నూనె కలిపిన డబ్బా మెడకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ లేని డబ్బాలోది సామాన్లు కడుక్కునే ఉత్త పెట్రోలు. తండ్రి పెట్టిన పద్ధతి అది. మరిచిపోయినవాళ్లకి చైనే గుర్తుచేసేది.

చెల్లెలి మొగుణ్ణి అందరూ ఛాంపియన్ అంటారు. రెండుసార్లు కప్పు గెలిచాడు. రెండుసార్లూ గెలిచింది స్పానరక్క చేసిన ఇంజినేనని ఊరంతా అనుకుంటుంది కాబట్టి వదినగారంటే అతనికి ఒళ్లు మంట. ఆ మంట ఆమె మీద చూపించే ధైర్యం లేదు. ఇంట్లో పెళ్లాం ఉంది కదా, దాని మీద చూపించేవాడు. అత్త మీద కోపం దుత్త మీద.

రెండేళ్ల కిందట చెల్లెలు ముందు పన్ను విరిగి కనపడింది. స్పానరక్క ఏమీ అడగలేదు. టైరు లేపే ఇనుప పట్టీ తీసుకుని వాళ్లింటికి నడిచి వెళ్లింది, ఛాంపియన్ పక్కటెముకలు రెండు విరగ్గొట్టింది, నడిచి తిరిగొచ్చింది. ఆ పూట ఆమెకి అన్నం రుచిగా తోచింది. కానీ నెలన్నర పాటు కట్టు కట్టుకుని ఇంట్లో పడున్న మొగుడు, మంచం మీంచే బెల్టు విసరడం నేర్చాడు. చెల్లెలు కుంటుకుంటూ షెడ్డుకొచ్చింది.

"నువ్వు ఒకటేస్తే నాకు రెండు పడుతున్నాయి అక్కా. ఇంకెప్పుడూ వాడి మీద చెయ్యి చేసుకోనని నా మీద ఒట్టెయ్యి."

"వదిలేసి వచ్చెయ్యవే!"

"వస్తే నీ షెడ్డు తగలబెడతానన్నాడు. నువ్వు లోపలుండగానే అంట."

స్పానరక్క ఒట్టేసింది. ఆమె జీవితంలో చేసిన కష్టమైన పని అదేనని చెప్పాలి.

ఆ శనివారం ఛాంపియన్ బండి షెడ్డులో ఉంది. మర్నాడు పందెం. స్పానరక్క కొత్త పిస్టన్, కొత్త రింగులు వేసి పొద్దున్నే ఇసుకలో ఒక చుట్టు నడిపి వచ్చింది. తాను నడిపి చూడని బండి గేటు దాటదని ఆమె నియమం. ఛాంపియన్ బండి తెచ్చిన రోజున ఒక కోరిక కోరాడు. "వదినగారూ, బొటనవేలు లాగేస్తోంది. మోటారు సైకిల్లా తిప్పేది పెట్టండి."

"కుదరదు మరిదిగారూ. గుంటలో పడ్డప్పుడు మణికట్టు దానంతటదే తిరుగుద్ది. బండి నీ మీద పడుద్ది. నువ్వు పోతే నాకేం దిగుల్లేదు, నా బండి మీంచి పోయాడంటారు, అదీ బాధ."

మధ్యాహ్నం చెల్లెలు క్యారేజీ పట్టుకొచ్చింది. మాడు పగిలే ఎండలో మెడకి చున్నీ చుట్టుకుని ఉంది. అక్క ఒక్క గుంజు గుంజింది. గొంతుకి కుడి పక్కన నల్లగా, గుండ్రంగా కమిలిపోయిన మచ్చ. బొటనవేలి మచ్చ. ఆ మీట నొక్కే వేలే.

స్పానరక్క చెయ్యి సుత్తి మీదికి పోయింది.

"ఒట్టు" అంది చెల్లెలు.

సుత్తి గోడకి తగిలి రేకు సొట్టపోయింది. చెల్లెలు క్యారేజీ విప్పి అన్నం పెట్టింది, అక్క తింది. తర్వాత చెల్లెలే అడిగింది, "బండి నడిపి చూశావా?"

"పొద్దున్నే చూశా. నాలుగింటికి వస్తాడు, ఇవ్వడమే తరువాయి. ట్యాంకు అడుగంటింది, నింపు."

ఏ డబ్బాలోంచో చెప్పలేదు. ఆ తండ్రి కూతురికి చెప్పాలా?

చెల్లెలు ట్యాంకు నింపి, ఖాళీ క్యారేజీ కడగడానికి వెనక కొళాయి దగ్గరికి పోయింది. స్పానరక్క ఊరికే ఉండలేని మనిషి. ప్లగ్గు విప్పి చూసింది. మొన తెల్లగా ఉంది. అంటే లోపలికి పెట్రోలు చాలడం లేదు. కార్బొరేటరు విప్పి, పెట్రోలు ఎక్కువ పోయేలా పెద్ద కన్నం ఉన్న జెట్ వేసింది. జెట్ మార్చాక మళ్లీ నడపాలి. కిక్కు కొట్టి ఎక్కేసింది.

వెనక చెల్లెలు గిన్నె కింద పడేసి, చేతులూపుతూ, అరుస్తూ పరిగెత్తుకొస్తోంది. టూ స్ట్రోక్ గోలలో ఆ కేక ఎవరికి వినపడుతుంది?

మొదటి గుట్ట దాటింది. రెండోది దాటింది. మూడో గుట్ట ఎక్కుతుండగా ఆమెకి ఏదో తక్కువైనట్టు అనిపించింది. ముక్కుకి పుట్టినప్పట్నుంచీ అలవాటైన వాసన, కాలిన నూనె వాసన, లేదు. తల తిప్పి చూసింది. పొగ లేదు. అప్పుడే ఇంజిన్ గొంతు మారింది. రేకు మీద మేకుతో గీసినట్టు కీచుమంది. ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్‌ని లాగేశాయి, ఇంజినుకీ చక్రాలకీ లంకె తెగింది. టూ స్ట్రోక్ మీద ఉన్నంతసేపు ఆ రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలని తండ్రి ఆకురాయితో వేళ్ల కణుపులు చితక్కొట్టి మరీ నేర్పాడు. ఆ దెబ్బలే ఆ పూట ఆమెని బతికించాయి. అందుకని ఆయనకి దణ్ణం పెట్టాలా? ఆమె పెట్టలేదు.

అప్పటికే చక్రాలు ఒక్క క్షణం పట్టేశాయి. బండి అడ్డం తిరిగి గుట్టకి గుద్దుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. నోట్లోకి ఇసుక, ఇసుకతో పాటు నెత్తురు.

బండిని తోసుకుంటూ షెడ్డు దాకా వచ్చేసరికి చెల్లెలు ఎదురొచ్చి కాళ్ల మీద పడింది. "నువ్వెందుకెక్కావు? ఇవ్వడమే తరువాయి అన్నావుగా!"

స్పానరక్క ట్యాంకు మూత తీసి, వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్దింది. జారలేదు. చల్లగా తగిలి ఆరిపోయింది. ఉత్త పెట్రోలు.

పుట్టి బుద్ధెరిగాక చెల్లెల్ని ఒక్క దెబ్బ కొట్టని మనిషి, ఆ రోజు చెంప మీద ఒకటి లాగి కొట్టింది. చెల్లెలు గిర్రున తిరిగి టైర్ల మీద పడింది.

"వాడు చస్తాడనుకున్నా" అంది అక్కడే పడి.

"చంపాలనుంటే నాతో చెప్పు. మొగుడి మీద కోపం పిస్టన్ మీద చూపిస్తావా? ఇంజినేం పాపం చేసిందే? నూనె పోస్తారని నమ్మి తిరుగుద్ది అది!"

అని అరిచింది గానీ, ఆమెకి ఏడుపొచ్చింది. చావు తప్పినందుకు కాదు. టైర్ల వెనక దాక్కునే ఆ పిల్ల హత్య దాకా వచ్చింది, తను పక్కనే ఉండి, చేతులు కట్టేసుకుని, కనిపెట్టలేకపోయింది. ఆ సిగ్గుకి ఏడ్చింది.

నాలుగింటికి ఛాంపియన్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. బండి చూశాడు. "ఏమైంది?"

"పట్టేసింది. నూనె లేని పెట్రోలు పడింది."

"ఎవరు పోశారు?"

"నేనే. పొరపాటు" అంది స్పానరక్క.

"రేపు పందెం పెట్టుకుని పొరపాటా?" హెల్మెట్ ఎత్తి మొహం మీద కొట్టాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టి సామాను కదలకుండా పట్టి ఉంచే, బల్లకి బిగించిన వైసుని పట్టుకుంది. మళ్లీ కొట్టాడు. కనుబొమ చిట్లింది. ఇంకోటి కొట్టాడు. పదిహేడో ఏడు దాటాక, తిన్న దెబ్బకి బదులివ్వకుండా నిలబడడం ఆమెకి అదే మొదలు. ఆమె తిరిగి కొట్టకపోవడం చూసి అతనికి ఎక్కడలేని మగతనం వచ్చింది. మోకాలి మీద బూటు కాలితో తన్నాడు. "ఏం వదినగారూ, చేతులు పడిపోయాయా?"

"ఆపు! పోసింది నేను" అంది చెల్లెలు టైర్ల దగ్గర్నుంచి లేచి. "నువ్వు చావాలనే పోశా."

హెల్మెట్ కింద పడేసి నాలుగంగల్లో వెళ్లి పెళ్లాం గొంతు పట్టుకున్నాడు. బొటనవేలు పాత మచ్చ మీదే కుదురుగా కూర్చుంది. చెల్లెలి మడమలు నేల వదిలాయి. మొహం నల్లబడింది. చిన్నప్పుడు ఆటల్లో ఒట్టు తప్పాలంటే పిల్లలు అనే మాట ఒకటుంది. ఆ మాట చెల్లెలి గొంతులోంచి తెగి తెగి వచ్చింది.

"అక్కా... ఒట్టు తీసి... గట్టు మీద పెట్టా!"

స్పానరక్క చేతులు వైసుని వదిలాయి.

అతని మణికట్టు పట్టుకుని గొంతు మీంచి లాగింది. ఆ బొటనవేలిని పిడికిట్లో బిగించి, వెనక్కి, ఇంకా వెనక్కి, ఎటు వంగకూడదో అటు వంచింది. ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. అతను పెట్టిన కేకకి వీధిలో వాళ్లు తలుపులేసుకున్నారు. మోచేత్తో ముక్కు మీద ఒకటిచ్చింది. పడ్డాక పక్కటెముకల మీద ఒకటిచ్చింది, పాతవి ఎక్కడ విరిగాయో ఆమెకి బాగా గుర్తు.

"ఇప్పుడు అడుగు మరిదిగారూ. తిప్పే యాక్సిలరేటరు పెడతా."

"తగలబెడతా... షెడ్డు తగలబెడతా..." అన్నాడు నెత్తురు మింగుతూ.

చెల్లెలు గుడ్డలేని డబ్బా తెచ్చి అతని ప్యాంటు మీద ధారగా పోసింది. "నూనె కలపనిది ఇది. పొగ కూడా రాదు. అగ్గిపెట్టె అక్క దగ్గరుంది, అడగనా?"

అతను అడగనివ్వలేదు. విరిగిన చెయ్యి గుండెకి హత్తుకుని, పెట్రోలు కంపు కొడుతూ, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ వేలు వంకరగానే అతుక్కుంది. మీట మీదికి వంగదు. గొంతు మీదికీ వంగదు. బండి కోసం మళ్లీ రాలేదు.

స్పానరక్క కనుబొమ మీద కుట్ల గీత మిగిలింది. చెల్లెలి మెడ మీది మచ్చ ముందు పచ్చబడి, తర్వాత పసుపైపోయి, మూడు వారాలకి పోయింది. ఆ పిల్ల ఇక షెడ్డు వదల్లేదు. డబ్బాకి ఎర్రగుడ్డ కట్టేది తనే, నూనె కలిపేది తనే, ట్యాంకులు నింపేది తనే. నింపిన ప్రతిసారీ వేలు ముంచి రుద్ది చూస్తుంది, ఒకసారి చాలక రెండుసార్లు చూస్తుంది.

స్పానరక్క మాత్రం చెల్లెలు నింపిన బండి ఎక్కేముందు ఇంతవరకూ ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు.