పగడాలకి మేత పెట్టిన టీచరమ్మ

మా బావగారింట్లో అద్దాల తొట్టి ముందు నిలబడాలంటే నాకిప్పుడు మొహం చెల్లదు. ఎందుకో చెప్తాను, మీ టీ చల్లారేలోపు అయిపోద్ది. మీరు నవ్వుకోండి, పర్లేదు. నేనింకా నవ్వే స్థితికి రాలేదు.

మా అక్క భర్త ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. దేశాలన్నీ తిరిగిన మనిషికి నర్సీపట్నంలో పొద్దుపోక, హాల్లో పెద్ద అక్వేరియం పెట్టుకున్నారు. మామూలు చేపల తొట్టి కాదది. ఉప్పునీళ్ళు, సముద్రపు రాళ్ళు, ఆ రాళ్ళ మీద బతికున్న పగడాలు. కొన్ని పుట్టగొడుగుల్లా, కొన్ని చేతివేళ్ళలా, ఊదారంగువి, ఆకుపచ్చవి, మొత్తం ఏడు గుత్తులు. మధ్యలో తిరగడానికి నారింజ రంగు చేపలు రెండు. అన్నం తింటున్నా ఆయన కళ్ళు అటే ఉంటాయి.

ఎండాకాలంలో ఆయనకి గుండె ఆపరేషన్ పడింది. వెల్లూరు బయల్దేరుతూ ఇంటి తాళాలు నా చేతిలో పెట్టారు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను, పైగా సెలవులు. నాకంటే తగిన మనిషెవరు?

"మేరీ, పొద్దున్న లైటు వెయ్యి, సాయంత్రం తియ్యి. నీళ్ళు తగ్గితే ఈ క్యాన్లో డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. చేపలకి రోజూ చిటికెడు మేత. అంతే" అన్నారు.

"మరి పగడాలకండీ?"

"వాటికేం వద్దమ్మా. వాటి ఒంట్లో నాచులాంటి జీవాలుంటాయి. వెలుగు పడితే అవే వండిపెడతాయి."

మూడు రోజులు చెప్పినట్టే చేశాను. నాలుగో రోజు నా చదువు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పగడం మొక్క కాదు, జంతువు. దానికి నోరుంది. నోటి చుట్టూ వేళ్ళలాంటి టెంటకిల్స్ ఉన్నాయి, ఆహారాన్ని పట్టుకోడానికి. ఏటేటా పిల్లలకి బోర్డు మీద బొమ్మేసి చెప్పేది నేనే. తిండి అక్కర్లేని జంతువుకి నోరెందుకు? పాపం ఆయన ఇంజనీరు, ఆయనకేం తెలుసు అనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మావారితో అన్నాను. ఆయనది కోటవురట్ల, ఏదున్నా మొహం మీదే అనేస్తారు. "పగడాన్ని ఉంగరంలో పెట్టుకుంటారు గాని, పగడానికి కూడెడతారేటి? ఆయన వద్దన్నారు కదా, ఊరుకోరాదూ?"

ఊరుకోలేదు. మర్నాడు ఎండురొయ్యలు మిక్సీలో పొడిచేసి పట్టుకెళ్ళి తొట్టిలో చల్లాను. రెండు నిమిషాల్లో పగడాలన్నీ వేళ్ళు చాచాయి. పొడిని పట్టుకుని లోపలికి లాక్కుంటున్నాయి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళ ఆకలో అనిపించింది. ఇంకో చెంచా వేశాను. ఆ రోజు నించీ పూటకో చెంచా.

వారం తిరిగేసరికి నీళ్ళు కుడితిలా అయ్యాయి. రాళ్ళ మీద గోధుమరంగు జిగురు పట్టింది. హాలంతా చేపల బజారు వాసన. పగడాలు వేళ్ళు లోపలికి ముడుచుకుని మళ్ళీ చాచలేదు. ఒక గుత్తి అంచున చర్మం ఊడి కింద తెల్లటి ఎముకలాంటిది కనబడింది. చేపల్లో ఒకటి వెల్లకిలా తేలింది. దాన్ని పెరట్లో పూడ్చాను.

ఆ సాయంత్రమే వెల్లూరు నించి ఫోనొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. బావగారే మాట్లాడారు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"అవెలా ఉన్నాయి, మేరీ?"

ఒంట్లో అన్ని కుట్లున్న మనిషికి ఏం చెప్తాం? "చక్కగా ఉన్నాయండి" అన్నాను.

ఆదివారం చర్చిలో అందరూ బావగారి గుండె కోసం ప్రార్థన చేశారు. నేను లోపల్లోపల పగడాలని కూడా కలుపుకున్నాను.

సోమవారం నీళ్ళు మార్చేద్దామని నిర్ణయించుకుని, నాలుగు ప్లాస్టిక్ క్యాన్లతో యలమంచిలి వెళ్ళి, అక్కడ ఆటో మాట్లాడుకుని సముద్రం ఒడ్డుకి పోయాను. తిరుగు బస్సులో కండక్టరు క్యాన్లు చూసి ఆగాడు. "ఏటమ్మా ఇవి, సారాయా?"

"సముద్రం నీళ్ళు బాబూ."

"నర్సీపట్నంలో ఏటి సేస్తారమ్మా సముద్రంతోటి?"

"పగడాలకి బాగోలేదు" అన్నాను. అతను ఊరొచ్చేదాకా నా పక్క సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

కొత్త నీళ్ళు పోశాక ఒకరోజు కాస్త తేటపడింది. రెండు గుత్తులు వేళ్ళు బయటపెట్టాయి. అక్కడితో చేతులు కట్టుకుంటే నేను మనిషినే. కానీ రోగంలోంచి లేస్తున్న ప్రాణాలు కదా, బలం కావాలి కదా అనిపించింది. కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన నలిపి వేశాను.

దాని తర్వాత సంగతి వివరించను. ఏడింట్లో మూడు మిగిలాయి.

నెల తిరిగాక వాళ్ళొచ్చారు. బావగారు చిక్కిపోయి, అక్క భుజం పట్టుకుని లోపలికొచ్చి, తిన్నగా తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు చూశారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఆయన ఛాతీ మీద పెట్టుకున్న చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి కదిలితే నా ప్రాణం పోయేట్టుంది.

"ఏం పెట్టావమ్మా?" అన్నారు నెమ్మదిగా.

చెప్పేశాను. రొయ్యపొడి, పచ్చసొన, ఫోన్లో ఆడిన అబద్ధం, అన్నీ. చెప్తూ ఏడ్చేశాను కూడా.

ఆయన నిట్టూర్చారు. "నువ్వనుకున్నది తప్పేం కాదు. వెలుగు ముఖ్యమే గానీ, వీటిల్లో కొన్నిటికి వారానికోసారి చిటికెడంత పెడితే మంచిదే. నేనూ పెడతాను."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన అక్క వంక చూశారు. అక్క చీర చెంగు సర్దుకుంది. "నేనే సెప్పొద్దన్నానే. నీకు పెట్టమని సెప్తే మరాపవు. ఆ నెల పస్తున్నా పర్లేదు గానీ, నీ సేతి తిండి తింటే అవి బతకవని."

మూణ్ణెల్లకి బావగారు మళ్ళీ చెకప్‌కి వెళ్ళారు. ఈసారి తాళాలు పక్కింటి అప్పలనాయుడు గారికిచ్చారు. జీడితోట కౌలుకిచ్చేసి ఇంటిపట్టునుంటున్న పెద్దాయన. కళ్ళల్లో శుక్లాలు. పొద్దున్న తడుముకుంటూ వెళ్ళి స్విచ్చేశారు, సాయంత్రం తడుముకుంటూ వెళ్ళి తీశారు. చిటికెడు మేత చేపకేసి, ఇరవై రోజులూ మరి దేన్నీ ముట్టుకోలేదు. మొన్న బావగారొచ్చి చూస్తే, మూడు గుత్తులూ పూలగంపల్లా విచ్చుకుని, పక్కన కొత్త పిలక కూడా వేశాయట.

అప్పలనాయుడు గారు అయిదో తరగతి. నేను ఎమ్మెస్సీ జువాలజీ.