మామ బొమ్మల కింద రాసిన తెలుగు

"వదినా, యాడుండావు? నాయన పోయినాడు."

మేనమామ కొడుకు ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు నేను తిరువళ్లూరు స్టేషన్లో తిరుత్తణి బండి కోసం నిలబడి ఉన్నాను. ఆదివారం కాబట్టి మామ దగ్గరికే బయల్దేరాను.

మామకు తిరుత్తణిలో చిన్న చీరల అంగడి. బేరం లేనప్పుడు ఇంటర్నెట్‌లో తిరుగుతూ నవ్వొచ్చే బొమ్మలు, పాత సినిమా ప్రకటనలు, ఎవరో తప్పులతో రాసుకున్న బోర్డుల ఫోటోలు ఏరుకొచ్చేవాడు. ఒక్కోదాని కింద తెలుగులో ఒక ముక్క రాసి తన బ్లాగులో పెట్టేవాడు. తమిళంలో రాస్తే ఊరంతా చదువుతుంది కదా అని ఒకసారి అడిగాను.

"అరవంలో నవ్వించేదానికి శానామంది ఉండారు మే. మన మాటలో నవ్వు ఇంకా వస్తాదా రాదా అని సూస్తా ఉండా" అన్నాడు.

నాకు తెలుగు చదవడం నేర్పింది ఆయనే, గోడల మీది సినిమా పోస్టర్లు చూపించి. తన కొడుకు బడికి వెళ్లేనాటికి మా వైపు తెలుగు పోస్టర్లు కనబడడం మానేశాయి. వాడు తమిళమే చదువుకున్నాడు. అత్త బడికే వెళ్లలేదు. అందుకని సాయంత్రం మామే వాళ్లకు పైకి చదివి వినిపించేవాడు. ఎవరి మీదైనా ఘాటుగా రాశాననిపిస్తే చెరిపేసేవాడు. "వాడు సూసినా నవ్వాల" అనేవాడు.

తర్వాత గొంతులో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌తో మనిషి దక్కాడు, మాట పోయింది. రాయడం మాత్రం మానలేదు. రాసి, ఫోన్ అత్త ముందుకు జరిపేవాడు. ఆమె బొమ్మ చూసేది, ఆయన మొహం చూసేది, ఏమీ తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆయన మెల్లగా గోడవైపు తిరిగిపోయేవాడు. అది చూశాకే నేను ఆదివారాలు వెళ్లడం మొదలుపెట్టాను. నేను చదివితే వాళ్లు నవ్వేవాళ్లు. మామ భుజాలు చప్పుడు లేకుండా కదిలేవి. జబ్బు తిరగబెట్టాక ఆ కదలికా ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. మామ కొడుకు ఫోన్ నా చేతికిచ్చి, "నిన్న ఏందో పెట్టినాడు వదినా. సదువు" అన్నాడు.

మెడకు కట్టు కట్టిన కుక్క ఫోటో. కింద మామ మాట: "డాక్టరు మాట్లాడొద్దన్నాడు. మొరగొద్దని అన్లేదు."

పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు. "ఇంగోసారి సదువు మే" అంది అత్త. మళ్లీ చదవబోయాను. సగంలోనే ఆపేసి ఫోన్ మామ కొడుక్కి తిరిగిచ్చేశాను.

మా పిల్లలకూ తమిళమే వచ్చు. నా తర్వాత ఆ రాతలు ఈ ఇంట్లో ఎవరికీ అందవు. దీనికి ఏ ఓదార్పూ నాకు దొరకడం లేదు.

మామను ఎత్తడానికి మనుషులు లోపలికి వస్తున్నారు. కొడుకు ఆయన పక్కనే కూర్చుని బ్లాగును పైకి తోస్తూ ఉన్నాడు. ఒక్కో బొమ్మ దగ్గర వాడి వేలు ఆగుతోంది. కింద అక్షరాలు కనబడగానే కదిలిపోతోంది.