గుండా, శంకా?

ఉప్పల్‌లో మా ఆఫీసు ఒక టైర్ల కొట్టు పైన ఉండేది. పాతకాలపు నమూనా రివాల్వర్లు అమ్మే ఒక అమెరికా దుకాణానికి ఈమెయిల్లో వచ్చే సందేహాలకు జవాబులు రాయడం మా పని. డిగ్రీ అయిపోయి నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన నేనూ, భీమవరం నుంచి వచ్చి నాచారంలో అక్క దగ్గర ఉంటున్న నా స్నేహితురాలూ పక్కపక్కన కూర్చునేవాళ్లం. తుపాకీ ముట్టుకున్నవాళ్లు మా ఇద్దరిలో ఎవరూ లేరు.

ఆ రివాల్వర్లలో ఇప్పటిలా తూటాలు పెట్టరు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో తుపాకీమందు పోసి, దానిమీద సీసపు గుండు పెట్టి, మీటతో లోపలికి దట్టించాలి. గుండు గోళీలా గుండ్రంగానైనా ఉండొచ్చు, శంకులా మొనదేలైనా ఉండొచ్చు. ఏది మంచిదని ఎవరడిగినా మా కంప్యూటర్‌లో జవాబు సిద్ధంగా ఉండేది: శంకు బరువైనది, గట్టిగా తగులుతుంది, గుండ్రటిది దట్టించడం సులువు.

ఒక ముసలాయనకు మాత్రం అది చాల్లేదు. “అది నాకూ తెలుసు. నేను పెట్టే శంకు ప్రతిసారీ ఎందుకు ఒరిగిపోతోందో చెప్పండి” అని రాశాడు. మేం అదే జవాబు మళ్లీ పంపాం. “మీరెప్పుడైనా తుపాకీ చూశారా?” అని అడిగాడు.

నా స్నేహితురాలికి పౌరుషం వచ్చింది. “ఎదురుగా బ్యాంకు ఉంది, వాచ్‌మన్‌ బాబాయ్ దగ్గర తుపాకీ ఉంది. వెళ్లి అడిగేద్దాం పద” అంది. భోజనాల వేళ రోడ్డు దాటాం.

“అన్నా, జర ఒక డౌటుండె,” అన్నాన్నేను. “నల్లమందు తుపాకిల గుండ్రంది పెడ్తె మంచిదా, శంకు పెడ్తె మంచిదా?”

ఇంగ్లిషులో బ్లాక్ పౌడర్ అన్నదాన్ని నేను మాటకు మాట తెలుగు చేశాను. తెలుగులో నల్లమందంటే అభినని ఆ క్షణాన తట్టలేదు.

“నల్లమందా?” అన్నాడతను, తుపాకీని దగ్గరకు లాక్కుంటూ.

“అబ్బే, తినేది కాదు బాబాయ్, తుపాకీలో కూరేది!” అని సర్దబోయింది నా స్నేహితురాలు.

దాంతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. అతను షట్టరు సగం దించేసి, “మీరిద్దరు గీడ్నే కూసోన్రి. కదలొద్దు” అని, మేనేజర్ కోసం లోపలికి కేకేశాడు. డబ్బు కట్టడానికొచ్చిన ఒకావిడ చేతిసంచిని గుండెలకు హత్తుకుని మాకు దూరంగా జరిగింది.

మేనేజర్ గారి గదిలో కూర్చోబెట్టారు. “చదువుకున్న పిల్లల్లా ఉన్నారు. ఇదేం పనమ్మా?” అన్నారాయన. మా పనేమిటో చెబుతున్నకొద్దీ మాకే నమ్మశక్యంగా అనిపించలేదు. చివరికి మా బాస్‌కు ఫోన్ చేయించాం. హెల్మెట్ తియ్యకుండానే పరుగెత్తుకొచ్చాడు. బ్యాంకులోకి హెల్మెట్‌తో వచ్చినందుకు వాచ్‌మన్ ఆయన్నీ ఆపాడు.

బాస్ రివాల్వర్ బొమ్మల కాగితాలు చూపించి, దండం పెట్టి, అంతా వివరించాడు. మేనేజర్ గారు నల్లమందు దగ్గర మొదలుపెట్టిన నవ్వు ఆపడానికి మంచినీళ్లు తాగాల్సొచ్చింది. తరవాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ఇంతకీ ఎందుకు ఒరుగుతుందంటారు?” అని అడిగారు.

చేసి చూద్దామంది నా స్నేహితురాలు.

కవర్లకు సీలు వేసే లక్క కడ్డీ ఒకటి ఆయన బల్లమీద ఉంది. దాన్ని కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి, నా స్నేహితురాలు ఒక ఉండ చేసింది, నేనొక శంకు చేశాను. అసలు గుండ్లు గదికన్నా కాస్త లావుగా ఉంటాయి కాబట్టి, రెండూ పెన్ను మూత నోటికన్నా రవ్వంత లావుగా చేశాం. ఉండను బొటనవేలితో నొక్కితే, అంచున లక్క సన్నటి ఉంగరంలా తెగి, తిన్నగా దిగింది. ఉండను ఎటు తిప్పినా ఒకటే కదా, వంకరపోవడానికి దానికో వైపంటూ లేదు. నా శంకు మాత్రం నొక్కగానే పక్కకు వాలింది. మూడోది చేసేటప్పుడు అడుగును కొంచెం సన్నగా నులిమాను. ఆ సన్నటి భాగం ముందు మూతలో కుదురుకుంది, మిగతాది నిటారుగా వెళ్లింది.

“దిగింది, దిగింది!” అని మేనేజర్ గారు బల్ల చరిచారు. పెన్ను మూత మాత్రం ఇక పనికిరాకుండా పోయింది.

ఆఫీసుకెళ్లి ముసలాయనకు రాశాం: అడుగు సన్నగా ఉన్న శంకులు వాడండి, వేళ్లతో నిటారుగా నిలబెట్టాకే మీటను నెమ్మదిగా నొక్కండి, అప్పటికీ విసుగొస్తే హాయిగా గుండ్రటివే పెట్టుకోండి.

వారం తిరక్కుండానే జవాబొచ్చింది. శంకులు తిన్నగా దిగుతున్నాయట. అయినా గురి బాగా కుదురుతోందని గుండ్రటివాటికే మారాడట. “క్షమించండి, మీరు చాలా ఏళ్లుగా కాలుస్తున్నవాళ్లని తెలియక అలా అన్నాను. ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగాడు.

నేను ఆలోచిస్తుంటే నా స్నేహితురాలు కీబోర్డు లాక్కుని, ఉన్నదున్నట్టు రాసి పంపేసింది: “మా ఆఫీసు ఎదుటి బ్యాంకులో.”

ఆయన మళ్లీ మమ్మల్ని ఏమీ అడగలేదు.