నేల తగలని స్టెప్నీ

ఉదయం ఆరూ పదికి పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగేలోపు ఫోన్ మోగింది. అక్క కూతురు.

"మామా, అమ్మ నిన్ను చూడాలంటా ఉంది. ఇప్పుడే బయల్దేరు."

"ఎట్టా ఉంది?"

"మాట్లాడతా ఉంది. ఎంతసేపు మాట్లాడతాదో డాక్టరు చెప్పలేకపోతా ఉండాడు."

పొయ్యి ఆపేశాను.

అక్కకు కిడ్నీలు చెడిపోయి ఏడాదైంది. ఇక చేయగలిగింది లేదని చెన్నై ఆసుపత్రిలో చెప్పాక, తడ దగ్గర వాళ్ల ఊరికి, ఇంటికే తెచ్చుకున్నారు. ఇవన్నీ మేనకోడలు చెబితే తెలిసిన సంగతులు. అక్కా నేనూ మాట్లాడుకుని నాలుగేళ్లయింది. మా అమ్మకు మేమిద్దరమే. అక్క తనంతట తను పిలవడం నాలుగేళ్లలో అదే మొదలు. మళ్లీ పిలవదని కూడా నాకు తెలుసు.

మాటలు ఆగిపోయింది కారు వల్ల. కాలేజీలో పాఠాలు చెప్పడం ముగిసిన ఏడు, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర నా వాటాకు వచ్చిన వరి కయ్యలు అమ్మి, చెన్నైలో ఒకాయన దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్రది. రెండు తలుపులు, రెండు సీట్లు. నాకు పెళ్లి కాలేదు కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మరుసటి ఏడాది బావకు నడుం పట్టేసింది. చెన్నై తీసుకెళ్లమని అక్క ఫోన్ చేసింది. నా కారులో మనిషిని పడుకోబెట్టడం కుదరదు, అంబులెన్స్ మాట్లాడుకోమన్నాను. అది నిజమే. కానీ వేరే కారు మాట్లాడి నేనే తీసుకెళ్లవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదు.

తర్వాత ఒక బంధువుల ఇంట్లో బంతి భోజనాల దగ్గర అక్క సాంబారు వడ్డిస్తూ, అందరూ వినేటట్టు, "ఇద్దరు కూర్చునే కారు కొనుక్కున్నోడికి తోబుట్టువులెందుకులే" అంది. బంతి బంతంతా నవ్వింది. నేను ఆకు ముందు నుంచి లేచిపోయాను. అంతే జరిగింది.

ఆ కారుకు ప్రతి దసరాకూ ఆయుధపూజ చేసేవాణ్ణి. దేవుడి మీద నమ్మకం ఉండి కాదు. నేను ఉండేది బిట్రగుంటలో, రైల్వే కాలనీ పక్క వీధి. అక్కడ ఆ రోజు రెంచీల దగ్గర నుంచి సైకిళ్ల దాకా అన్నీ కడిగి బొట్టు పెడతారు. నేను డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీని కూడా బయటికి తీసేవాణ్ణి. గుడ్డతో కొబ్బరినూనె పట్టించి, నిగనిగలాడేదాకా తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ లోపల పడుకోబెట్టేవాణ్ణి. ఎదురింటి రిటైర్డ్ రైల్వే గార్డు గారు గోడ మీద నుంచి చూసేవారు.

"ఏంది సార్, డ్యూటీ చెయ్యనోడికి కూడా పూజేనా?"

"చెయ్యనోడికే ముందు చెయ్యాలన్నా. అలుగుతాడు."

ఆ స్టెప్నీ కారుతో పాటు వచ్చింది. పాత యజమాని ఒక్కసారి కూడా వాడలేదన్నాడు. గాట్లు ఏ మాత్రం అరగలేదు. నేల తగలని టైరు కాబట్టి అది కొత్తదే అనుకున్నాను. దాని పక్కభాగం మీద అచ్చయి ఉన్న అంకెలు చదవాలని అన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివే అలవాటు ఉన్నవాణ్ణి.

ఆ ఉదయం స్టేషన్‌కు నడిచి వెళ్లి రైలు చూసుకోవచ్చు. చూసుకోలేదు. కారులో రెండు గంటలు, రైలు ఎప్పుడు వస్తుందో తెలియదు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ ఇంటి ముందు ఆ కారులోనే దిగాలనుకున్నాను.

నెల్లూరు దాటి, మనుబోలు దాటాక, ఏడున్నర ప్రాంతంలో వెనక టైరు పక్కభాగం ఇనుప ముక్క తగిలి చీలిపోయింది. స్టెప్నీ నేనే మార్చుకున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. డిక్కీలోంచి తీసినప్పుడు అది నల్లగా, శుభ్రంగా ఉంది. దాన్ని చూసి కొంచెం గర్వపడిన మాట కూడా నిజమే.

గట్టిగా నడిపాను. ఎనిమిది కిలోమీటర్లు పోయాక వెనక దబదబమని శబ్దం మొదలైంది. దిగి చూస్తే టైరు మీది పొర బెల్టులాగా ఊడి వేలాడుతోంది. అదృష్టం అనాలో ఏమనాలో, గూడూరు అడ్డరోడ్డు పక్కనే పంక్చర్ షాపు కనిపించింది. మెల్లగా అక్కడికి చేర్చాను.

షాపాయనకు నలభై ఏళ్లుంటాయి. జాకీ పెట్టి, టైరు మీద బొటనవేలితో రుద్దాడు.

"ఇది ఏ కాలంది సార్?"

"కొత్తదే. ఎప్పుడూ వాడలేదు."

"పదిహేడేళ్లు సార్. ఇదో, ఈ నాలుగంకెల్లో ముందు రెండు వారం, వెనక రెండు సంవత్సరం. వాడకపోయినా రబ్బరు ఎండిపోతాది." వంగి వాసన చూశాడు. "కొబ్బరినూనె. తలంటి పోసినారా దీనికి?"

నేను టైము చూసుకున్నాను.

"నూనె రబ్బరును తినేస్తాది. మెరుస్తా ఉంటే పగుళ్లు కనపడవు. ముందు చీలిన దానికేమో ప్యాచీ నిలబడదు. ఈ సైజు నా దగ్గర లేదు, గూడూరులో అడగాల." ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. "ఒకడి దగ్గర ఉండాదంట. తెచ్చేసరికి గంటన్నర. యాడికి పోవాల మీరు?"

"తడ దగ్గరికి. మా అక్కకు బాగలేదు."

"ఎంత బాగలేదు?"

చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"అయితే బస్సెక్కండి సార్. కారు నేను చూసుకుంటా. తాళం మీ దగ్గరే పెట్టుకోండి, నాకేం వద్దు."

సూళ్లూరుపేట బస్సు వస్తుంటే ఆయనే రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తి ఆపాడు. అప్పుడు ఎనిమిదింబావు. నేను కారు పక్కనే నిలబడి ఉన్నాను. కండక్టర్ మెట్టు మీదికి వచ్చాడు.

"ఎక్కేదుంటే ఎక్కండి పెద్దాయనా. చూసి పోయేదానికి ఇదేమన్నా కొత్త బస్సా?"

"మీరు పొండి" అన్నాను.

ఎందుకు ఎక్కలేదో ఇన్నాళ్లుగా వేరే కారణాలు వెతికాను. దొరకలేదు. జాకీ మీద నిలబడి ఉన్న కారును తెలియని మనిషి దగ్గర హైవే పక్కన వదలడానికి మనసు ఒప్పలేదు. గంటన్నరే కదా అనుకున్నాను.

మేనకోడలు ఫోన్ చేసింది. "యాడ దాకా వచ్చినావు మామా?"

"గూడూరు దాటతా ఉండాను."

తొమ్మిది దాటాక మళ్లీ చేసింది. "వచ్చినాడా అని అడగతా ఉంది. ఇది మూడోసారి."

"వస్తా ఉండానని చెప్పు."

ఆ ఫోన్ పెట్టేశాక రెండో బస్సు వచ్చింది. ఈసారి షాపాయన లేవలేదు. బస్సు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తన పని చేసుకున్నాడు.

పదికి అయిదు నిమిషాలు ఉందనగా మూడో ఫోన్. ఆ పిల్ల ఏడవడం లేదు.

"ఇంక తొందరపడబాక మామా. నిదానంగా రా."

మొదటి బస్సు ఎక్కి, సూళ్లూరుపేటలో ఆటో పట్టుకుని ఉంటే తొమ్మిదీ ముప్పావుకు అక్క పక్కన ఉండేవాణ్ణి. టైరు పదీ పదికి వచ్చింది. బిగించారు. పాత స్టెప్నీని షాపాయన గోడ వెనక చెత్త టైర్ల మీదికి విసిరేశాడు.

నేను చేరేసరికి పదకొండున్నర. బావ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"కారు నీడలో పెట్టినావా?" అన్నాడు.

లోపల ఆడవాళ్లు పుట్టింటి చీర తెచ్చానా అని అడిగారు. పసుపుకుంకుమలతో పోయిన మనిషి మీద ముందు కప్పాల్సింది పుట్టింటి చీర. బతికి ఉన్న మనిషిని చూడడానికి బయల్దేరినవాణ్ణి, చీర ఎలా తెస్తాను? కారు తీసి సూళ్లూరుపేట పోయి తెస్తానన్నాను. వద్దన్నారు. వాళ్లింట్లోదే ఒకటి కప్పారు.

పెద్దకర్మ రోజు మేనకోడలు కాఫీ ఇస్తూ అడిగింది. "బస్సు దొరకలేదా మామా?"

అబద్ధం సిద్ధంగా ఉంది. కానీ అప్పటికే ఆ పిల్లకు ఒకటి చెప్పి ఉన్నాను.

"రెండొచ్చినాయి."

"మరి?"

"కారు వదిలి రాలేకపోయినా."

నేను కాఫీ తాగలేదు, గ్లాసు పట్టుకున్నాను. మేనకోడలు ఆ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది.

కారు అమ్మలేదు. అమ్మితే ఏదో ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టు ఉంటుంది. అలాంటివి పుస్తకాల్లో చదివినప్పుడు కూడా నాకు నమ్మకం కుదరలేదు.

ఏడాది తిరగకముందే మేనకోడలి పెళ్లి పెట్టుకున్నారు. మేనమామను ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. నాకు శుభలేఖ పోస్టులో వచ్చింది. వెళ్లాను. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామ. బావ వైపు వాళ్లెవరో ఇద్దరు మోశారు. నేను కుర్చీలో కూర్చుని చూశాను. భోజనం చేసి పొమ్మని బావ అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పాడు. చేసి వచ్చాను.

ఆ ఇంట్లో మేనమామ చేయవలసిన పనులు ఇప్పుడు నా చేత చేయించడం లేదు.