శనివారం ప్రసాదం డబ్బా

కాడుగోడిలో మా వీధి ఆడవాళ్లం శనివారం సాయంత్రాలు భజన చేస్తాం. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. ఎవరింటి వంతో చెప్పేది నేనే. పుస్తకం చూసి పాట ఎత్తుకునేదీ నేనే. మనవరాలి పక్కన కూర్చుని ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వేలు పెట్టి చదవకపోతే వరస తప్పుతుంది.

వీధి చివర కొత్తగా దిగినామె ఒకసారి మా ఇంటి భజనకు వచ్చింది, కూతుర్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ. ఇరవై ఏళ్ల పిల్ల. నడవలేదు, మాటలు రావు. తాళాలు మోగగానే సంతోషం పట్టలేక గట్టిగా అరిచింది. నా వేలు జారింది. పాట ఎక్కడ ఆగిందో మళ్లీ దొరకలేదు. అందరూ నా వైపే చూశారు. తల కొట్టేసినట్టయింది నాకు.

వెళ్లేటప్పుడు ఆమెతో, పిల్లను పెట్టుకుని ఈ అవస్థ ఎందుకు, ప్రసాదం ఇంటికే పంపిస్తాను అన్నాను. సరేనంది. ఎంత మంచి మనసు అని తోటివాళ్లు మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

అప్పటి నుంచి శనివారం శనివారం స్టీలు డబ్బాలో పులిహోరో, గుగ్గిళ్లో ఆ ఇంటికి వెళ్లేవి. భజన మాత్రం ఆ ఇంటిని దాటేసి వీధంతా తిరిగేది.

ఈమధ్య ఆమే డబ్బా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని ఇంత చక్కెర పోసి తెచ్చింది.

"మా ఇంటికి దేవుడు డబ్బాలో వస్తా ఉండాడక్కా," అని నవ్వింది. "మీరెప్పుడొస్తారు?"

వచ్చే వారం మీ ఇంట్లోనే అన్నాను. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

మేం వెళ్లేసరికి మంచం బయట పెట్టేసి ఇల్లంతా చాపలు పరిచింది. పిల్లకు కొత్త పావడా, తలనిండా కనకాంబరాలు. మాలో ఒకామె దాని గడ్డం పట్టుకుని, "ఏమ్మే, మాకంటే సింగారంగా ఉండావే," అంటే కిలకిలా నవ్వింది.

పుస్తకం తెరిచాను. తాళాలు మోగాయి. పిల్ల నోరు తెరిచింది. ఆ వెంటనే తల్లి అరచెయ్యి ఆ నోటిని మూసేసింది.

పాట ఆపాను. "చెయ్యి తియ్యమ్మా. అరవనీ."

"వద్దులేక్కా. మీకు వరస తప్పుతాది," అంది మెల్లగా.

పుస్తకం మూసి పక్కన పెట్టాను. అక్షరాలు రాకముందు నుంచీ నోటికొచ్చిన పాట ఒకటి ఎత్తుకున్నాను. అది అయిపోయింది, ఇంకొకటి పాడాం. అప్పటికి గానీ ఆ చెయ్యి కిందికి దిగలేదు.