కొట్టులోంచే దారి

దొడ్డమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను వట్లూరులో కాలేజీ బస్సు దిగుతున్నాను. "పొద్దున్నే కాఫీ అడిగి తాగిందే..." అని ఫోన్ పెట్టేశాడు. దొడ్డమ్మ మా అమ్మకి అక్క. అన్నయ్య ఆవిడ కొడుకు.

ఏలూరు వన్‌టౌన్‌లో బట్టల కొట్లుండే సందులోకి మీరెప్పుడైనా వచ్చే ఉంటారు. ఎదురుగా తోపుడుబండి వస్తే మోటార్‌సైకిలు వెనక్కి వెళ్ళాల్సిందే. అక్కడే కింద వాళ్ళ కొట్టు, పైన ఇల్లు. పెదనాన్న ఉన్న రోజుల్లో మెట్లు వీధిలోకి ఉండేవి. కొట్టు పెంచినప్పుడు ఆ జాగా కూడా లోపల కలిపేశారు. అప్పట్నుంచి ఇంట్లోవాళ్ళు ఎటు వెళ్ళాలన్నా కొట్టులోంచే దారి. బేరాల మధ్యలోంచి ముసలావిడ మెల్లగా నడవడం బాగుండదని ఎవరూ పైకి అనలేదు. అనకుండానే ఆవిడకి తెలిసింది. మోకాళ్ళ నొప్పి వంక పెట్టి దిగడమే మానేసింది.

పెళ్ళికి ముందు కొల్లేట్లో దోనె మీద లంకలన్నీ తిరిగిన మనిషి. చివరికి వీధివైపు కిటికీ ఒక్కటే మిగిలింది. "మొహాలు కనపడవే. ఎవరికి జుట్టు పలచబడిందో అదొక్కటే తెలుస్తుంది" అని నవ్వేది. నేను వెళ్ళినప్పుడల్లా ఏ దారిన వచ్చానో చెప్పించుకునేది. కాలవ వంతెన దగ్గర ఏ పువ్వులు అమ్ముతున్నారు, ఫైర్‌స్టేషన్ సెంటర్లో రద్దీ తగ్గిందా... అన్నీ కావాలి. త్వరగా ముగిస్తే ఊరుకునేది కాదు.

మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు చూడ్డానికి వస్తానంది. పెళ్ళిళ్ళ సీజను. "ఆదివారం నేనే తీసుకెళ్తానమ్మా" అన్నాడు అన్నయ్య. ఆదివారం కూడా కొట్టు తెరవాల్సి వచ్చింది. ఆ మర్నాడు దొడ్డమ్మ నాకు ఫోన్ చేసి, "ఆటో తీసుకుని రావే" అంది.

నేను వెళ్ళేసరికి ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. కింద పరుపుల నిండా పట్టుచీరలు, వాటి చుట్టూ పెళ్ళివారు.

"అమ్మా, బేరం జరుగుతోంది. కాసేపాగు" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి.

"ఆగుతూనే ఉన్నాన్రా నాయనా" అంది ఆవిడ. గొంతు తగ్గించలేదు.

పెళ్ళివారిలో ఒకావిడ చటుక్కున లేచి చీరలు పక్కకి తోసి, "ఇటు రండి మామ్మగారండీ, నా చెయ్యి పట్టుకోండి" అంది. దొడ్డమ్మ పరుపులు దాటి వీధిలోకి వచ్చి, నా భుజం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

దారిలో రైలు గేటు పడింది. ఒక గూడ్సు వెళ్ళింది, గేటు తియ్యలేదు. ముందూ వెనకా బళ్ళు, ఎండ. "ఇంకెంతసేపండీ?" అని నేను ఆటో అతన్ని విసుక్కుంటుంటే దొడ్డమ్మ, "ఆగితే ఆగిందిలేవే. ఆగినా బయటే ఉన్నాం కదా" అంది.

అమ్మ మంచం మీద కూర్చుని ఇద్దరూ సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు. చీకటి పడుతుంటే, "ఇక్కడే ఉండిపోవే అక్కా" అంది అమ్మ. దొడ్డమ్మ అమ్మ దుప్పటి సర్దింది. తర్వాత లేచి, "వాడు భోజనం చెయ్యకుండా నా కోసం చూస్తుంటాడు" అంది.

నిజంగానే అన్నయ్య చెయ్యలేదు. ఆవిడని ఏమీ అనలేదు కూడా. మళ్ళీ వీధిలోకి మెట్లు కట్టిద్దామని చూశాడు గానీ, ఆ సందులో అడుగు జాగా ఎక్కడిది? సీజను అయ్యాక ఆదివారాలు కొట్టు మూసి, ఆవిడ కోసం షట్టరు ఎత్తి కిందికి దింపేవాడు. అప్పటికి మోకాళ్ళు నిజంగానే మొరాయించాయి. గడప దాటి నాలుగడుగులే ఆవిడ ప్రయాణం.

నేను ఆవిడని ఆఖరుసారి చూసింది అలాంటి ఆదివారమే. కొట్లన్నీ మూసి ఉన్నాయి. సందు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎవరో కుర్రాడు మోటార్‌సైకిలు మీద వచ్చి హారన్ కొట్టాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరుపుతాను" అన్నాడు అన్నయ్య.

"ఎందుకురా? అతన్నే పక్కనుంచి వెళ్ళమను. ఇవాళ దారుంది కదా."

ఆ కుర్రాడు కాళ్ళు కింద ఆనించుకుంటూ, మెల్లగా ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళాడు. దొడ్డమ్మ కుర్చీలోనే వెనక్కి తిరిగి, అతను సందు చివర మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుంది.