కుటుంబమన్నారు గనుక అడిగాం

నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని, నేనూ నాకంటే చిన్నదైన ఒక సహోద్యోగినీ హైదరాబాదు కంపెనీకి పనిచేసేవాళ్లం. ఇళ్లలో కరెంటు పోతే నెట్ పోతుంది. ఇక్కడ ఇన్వర్టర్ ఉంది. మందుల వాసనకు మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటైంది. ఆమె భర్త రొంపిచర్ల దగ్గర సర్కారు బడిలో పంతులు. కూతురు ఒకటో తరగతి. ఈ గదిలో పనిచేయనిచ్చినంత కాలమే ఆమెకు ఉద్యోగం.

ఇకమీదట అందరూ హైదరాబాదు ఆఫీసుకు రావాల్సిందేనని ఆజ్ఞ వచ్చింది. ఎందుకో రాయలేదు. మన కంపెనీ సంస్కృతి బలపడాలట.

ఆ మాటను మా తరం చాలాకాలం నమ్మింది. మా నాన్నల ఆఫీసుల్లో అయ్యగారు రాగానే లేచి నిలబడేవాళ్లు. మేం మా పై అధికారిని పేరుపెట్టి పిలిచాం, దాంతో సమానత్వం వచ్చేసిందనుకున్నాం. గుళ్లో శఠగోపానికి తల వంచనివాళ్లం కూడా కంపెనీ టీషర్టు భక్తిగా తొడుక్కున్నాం. చిన్నప్పుడు నాన్న నన్ను హేతువాద సభలకు తీసుకెళ్లేవాడు. అక్కడ ప్రశ్న వేస్తే జవాబు చెప్పాలి, లేదా తెలియదని ఒప్పుకోవాలి. మూడో దారి నేను కంపెనీలోనే చూశాను.

నెలవారీ ఆన్‌లైన్ సమావేశంలో కంపెనీ పెద్దాయన తెరమీదికొచ్చి, "మనమంతా ఒక కుటుంబం. భయం లేకుండా ఏదైనా అడగండి" అన్నాడు.

ఆమె అడిగింది. ఇన్నాళ్లూ ఇక్కడినుంచి చేసిన పనిలో ఏం లోటు కనిపించిందో చెప్పమంది. వింటున్నవాళ్లు నొక్కిన ఎర్రటి హృదయం బొమ్మలు తెరనిండా ఎగిరాయి.

"చాలా మంచి ప్రశ్న. విడిగా మాట్లాడుకుందాం" అన్నాడు పెద్దాయన.

నేను మైకు ఆన్ చేశాను. "ఆజ్ఞ అందరికీ ఇచ్చారు. కారణం కూడా అందరి ముందే చెప్పండి."

టైమైపోయిందన్నారు.

సాయంత్రం ఇద్దరి ఫోన్లూ తోటి ఉద్యోగుల మెసేజీలతో మోగాయి. ఇరగదీశారన్నారు. సమావేశంలో మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

"ఏందన్నా ఈ జనం? బొమ్మలేస్తే ఉజ్జోగం నిలబడిద్దా?" అందామె.

"పోనీ, కొన్నాళ్లు హైదరాబాదులో ఉండి చూడరాదా?"

"మరి ఇక్కడ పిల్లకి జడలెవురేస్తారు, నువ్వేస్తావా?"

ఆ విడిగా మాట్లాడటమూ అయింది. హెచ్చార్ వాళ్లతో మాట్లాడి, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేసింది.

"అడిగిందానికి జవాబు లేదు గానీ, నేనడిగిన తీరు బాగాలేదని చానాసేపు చెప్పారన్నా."

ఆ వారమే రాజీనామా పెట్టింది. నేను ఒంటరివాణ్ణి, మూటాముల్లే సర్దుకుని వెళ్లగలను. అందుకే నేనెంత అరిచినా నాకు పోయేదేమీ లేదు. అన్నీ పోయేది ఆమెకే.

ఆఖరి రోజు వీడ్కోలు సమావేశం పెట్టారు. ఆమె మంచి చీర కట్టుకొచ్చింది. పెద్దాయన ఆమె సేవల్ని పొగుడుతూ, "ఈ కుటుంబం తలుపులు నీకెప్పుడూ..." అంటుండగా ఆమె తెర నల్లబడింది. పాస్‌వర్డ్ కొట్టింది. చెల్లదంది. ఇంకోసారి కొట్టింది. లాగిన్ తీసేశారు.

నా లాప్‌టాప్‌లో సమావేశం సాగుతూనే ఉంది. ఆమె లేదని ఎవరూ గమనించలేదు. చప్పట్లు మొదలయ్యాయి. నేను తెరను ఆమెవైపు తిప్పబోయాను.

"వద్దులే అన్నా, కొట్టుకోనీ. బడి వదిలే టైమైంది" అని చెప్పులేసుకుని మెట్లు దిగింది.